చీకటిలో నేర్చిన విద్య

భారతమునందలి ఆదిపర్వములో ఒక చిన్న కథ కలదు. ఒకనాటి రాత్రి అర్జునుడు భుజించుచుండగా గాలికి దీపమారిపోయెను. చీకటి క్రమ్మినను అతని చేయి తడబడక నోటికి అన్నమందించుచునే యుండెను. అతడది గమనించి ఆలోచనలో పడెను. అన్నమునకు అక్కరలేని వెలుగు అమ్మునకు మాత్రమేల? నాటినుండి అతడు చీకటిలో విల్లు పట్టి సాధన చేయసాగెను. నడిరేయి వింటినారి మ్రోత విని ద్రోణుడు వచ్చి శిష్యుని అక్కున జేర్చుకొనెను. ఈ కథను మన పల్లెటూళ్ళలోని పిల్లలు సైతమెరుగుదురు.

ఈ కథ యెన్నడును విననట్టి దేశమున, గడ్డకట్టిన ఒక చెరువుపై, ఇరువదవ శతాబ్దారంభమున ఒక బాలుడు ఇట్టి సాధననే చేసెను. అతని చేత నున్నది విల్లు గాదు. కొన వంగిన పొడవైన కఱ్ఱ. అతని పూర్తి పేరు హోబర్ట్ అమోరీ హేర్ బేకర్. లోకమతనిని హోబీ బేకర్ అని ముద్దుగా పిలిచెను. అతడు జీవించినది ఇరువదియారేండ్లు మాత్రమే. విద్య నభ్యసించుటలోని సుఖమును, అభ్యసించిన విద్యకు తావు లేకపోవుటలోని దుఃఖమును కూడ ఆ స్వల్పజీవితము చూపుచున్నది.

మన పాఠశాలలలో హాకీ యనగా మైదానమున బంతితో ఆడు ఆట. ఉత్తర అమెరికాలో ఆ మాట వినినంతనే జనులకు స్ఫురించునది మంచుపై ఆడు ఆట. అచట బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ యొకటి యుండును. దానిని పక్ అందురు. దాని అడ్డుకొలత 3 అంగుళములు, మందము 1 అంగుళము. ఆటగాండ్రు అడుగున ఉక్కు అలుగులు గల స్కేట్లు తొడిగి, నేలపై పరుగెత్తువారికి అందరాని వేగముతో మంచుపై జారుచుందురు. నేలపై పరుగెత్తువాడు తలచినప్పుడు నిలువగలడు. మంచుపై నిలుచుటయే ఒక విద్య. మలుపు తిరుగుట మరియొక విద్య. వెనుకకు జారుట ఇంకొక విద్య.

కొత్తగా నేర్చువానికి మొదట కాళ్ళు వశము గావు. కాళ్ళు వశమైన పిదప కఱ్ఱ వశము గాదు. ఆ రెండును వశమైనను మూడవ చిక్కొకటి మిగిలియుండును. పక్కును చూచినచో ఆట కనబడదు. ఆటను చూచినచో పక్కు కఱ్ఱనుండి జారిపోవును. తల వంచుకొని పోవువానికి ఎదురుగా వచ్చు ప్రత్యర్థి కనబడడు. ప్రక్కన ఖాళీగానున్న సహచరుడును కనబడడు. ఢీకొని పడుటయు, దెబ్బలు తినుటయు పెక్కుసార్లు అందువలననే సంభవించును. తీరిక వేళల వినోదమునకై ఆడువారిలో ఏండ్ల తరబడి ఆడియు ఈ గడప దాటలేనివారు అనేకులు. హోబీ బేకర్ ఈ గడపను బాల్యముననే దాటెను. దాటిన మార్గము విచిత్రమైనది.

అతడు 1892 జనవరి 15న పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఫిలడెల్ఫియా నగర ప్రాంతమునందలి ఒక సంపన్న కుటుంబములో జన్మించెను. బంధువగు ఒక వైద్యుని పేరే అతనికి పెట్టిరి. అతనికి థార్న్‌టన్ అను అన్న యుండెను. పదునొకండవ యేట తలిదండ్రులు అన్నదమ్ములిద్దరిని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని కాంకర్డ్ పట్టణమున గల సెయింట్ పాల్స్ పాఠశాలకు పంపిరి. అది విద్యార్థులు అచటనే నివసించి చదువుకొను విద్యాలయము. శీతకాలము దీర్ఘముగ నుండు ఆ ప్రాంతమున పాఠశాల చెరువులు గడ్డకట్టగానే అవియే క్రీడాస్థలములగుచుండెను.

ఆ పాఠశాలలో మాల్కం గోర్డన్ అను ఉపాధ్యాయుడుండెను. అమెరికాలో మంచు హాకీకి తొలినాళ్ళలో నియమములు వ్రాసి, ఆటను ఒక క్రమమునకు తెచ్చినవారిలో ఆయన ఒకడు. ఆయన శిక్షణలో బేకర్ త్వరత్వరగా ఎదిగెను. పదునాల్గవ యేటనే పాఠశాల ప్రధాన జట్టులో చోటు సంపాదించెను. తనకంటె పెద్దవారి నడుమ, పెద్దవారి జట్లపై ఆడుట అతనికి అలవాటయ్యెను.

పగటి ఆట అందరును ఆడునదే. బేకర్ రాత్రివేళ కూడ చెరువు మీదికి పోవుచుండెను. దీపము లేదు, చూచువారు లేరు. చీకటిలో పక్కును కఱ్ఱతో ఇటునటు నడిపించుచు గంటల తరబడి జారుచుండెను. కన్ను చూడజాలని చోట కఱ్ఱ పట్టిన చేయియే చూడవలెను. పక్కు కఱ్ఱకు తగిలినప్పుడు కలుగు అదురును బట్టి, మంచుపై ఒరయు చప్పుడును బట్టి అది యెచట నున్నదో తెలిసికొనవలెను. ఇట్లు సాధన చేసి అతడు పక్కు వంక చూడకయే దానిని నడుపగల నేర్పు సాధించెను.

మన దేశమున మైదానపు హాకీలో సాటిలేని ధ్యాన్‌చంద్ కూడ వెన్నెల రాత్రులలో సాధన చేసెననియు, అందువలననే అతని పేరున చంద్ అను మాట చేరెననియు చెప్పుదురు. ధ్యాన్‌చంద్ జన్మించినది 1905లో; అప్పటికి బేకర్ పాఠశాల విద్యార్థి. ఒకరి నొకరు ఎరుగని ఈ ఇరువురును రాత్రినే గురువుగా ఎన్నుకొనిరి.

ఈ సాధనలోని మర్మమును ఉపాధ్యాయులు గమనింపదగును. చీకటిలో నడిపిన పక్కు, వెలుతురులో నడిపిన పక్కుకంటె వేగముగ పోదు. చేతికి క్రొత్త బలము రాదు. కలుగు లాభమంతయు కంటికే. చేయి తన పని తాను చేసికొనజాలినప్పుడు కన్ను స్వేచ్ఛ పొందును. స్వేచ్ఛ పొందిన కన్ను తలయెత్తి మైదానమును చూచును. ఎదుటివాని బరువు ఏ కాలిపై నున్నది? అతడు ఏ దిక్కునకు తిరుగజాలడు? ఖాళీచోటు ఎచట ఏర్పడుచున్నది? సహచరుడు ఎచటికి రాబోవుచున్నాడు? వీనిని చూచి క్షణములో నిర్ణయించుటకే ఆటతెలివి యని పేరు. చాలమంది దీనిని పుట్టుకతో వచ్చు వరమని తలంతురు. వరము కొంత యుండవచ్చును. కాని చూపు పక్కుపై కట్టువడి యున్నంతవరకు ఎంతటి బుద్ధిమంతునికైనను ఆ వరము అక్కరకు రాదు. నేర్పు చేతిలో స్థిరపడిన పిదపనే బుద్ధికి తీరిక దొరకును. ఎక్కములు నోటికి రాని బాలుడు లెక్కలోని చిక్కును ఆలోచింపలేకపోవుటయు ఇట్టిదే.

బేకర్ జీవితమున 1907వ సంవత్సరము ఒక మలుపు. ఆ యేట అమెరికాలో బ్యాంకుల సంక్షోభము సంభవించి ఎందరో ధనికులు దెబ్బతినిరి. బేకర్ తండ్రియు వారిలో నొకడు. ఇద్దరు కొడుకులను కళాశాలకు పంపు శక్తి ఆయనకు లేకపోయెను. అప్పుడు అన్నయగు థార్న్‌టన్ తాను చదువు మానుకొని తమ్ముని చదువునకు దారి విడిచెను. అన్న పేరు క్రీడాచరిత్రలలో ఎక్కడనో ఒక పంక్తిలో మాత్రమే కనబడును. కాని ఆ పంక్తి లేకున్నచో తక్కిన చరిత్ర లేదు. పిదపకాలమున తమ్ముడు పొగడ్తలకు సిగ్గుపడుటకును, తన చదువును ఒక ఋణముగ భావించుటకును ఇదియు ఒక కారణమై యుండును.

1910లో అతడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట హాకీతో బాటు అమెరికా పద్ధతి ఫుట్‌బాల్ కూడ ఆడెను. ఆ కాలమున తలకు రక్షణకవచము ధరించుట తప్పనిసరి గాదు. బేకర్ దానిని ధరింపలేదు. అతని పసిడివన్నె జుట్టు మైదానమున ఎచట నున్నను కనబడుచుండెను. ఎత్తునుండి పడు బంతిని పలువురు నిలిచి పట్టుకొనుచుండగా, అతడు కొంత వెనుక నిలిచి, బంతి పడు చోటును ముందే ఊహించి, పరుగెత్తి వచ్చుచు పట్టుకొనుచుండెను. పట్టుకొను వేళకే అతడు పూర్తి వేగమున నుండుటచే ప్రత్యర్థులకు ఆపుట కష్టమగుచుండెను. ఇదియు ఆటతెలివికి ఒక చక్కని ఉదాహరణము. 1913లో అతడు ఆ జట్టుకు నాయకుడయ్యెను.

అయినను అతని హృదయము మంచుపైననే యుండెను. ఆనాటి హాకీకిని నేటి హాకీకిని కొన్ని భేదములు కలవు. నేడు ఒక్కొక్క పక్షమున ఆఱుగురు ఆడుదురు, ఆనాడు ఏడుగురు. ఏడవవానిని రోవర్ అనుచుండిరి. అతనికి నిర్ణీత స్థానము లేదు. అవసరము గల చోటికెల్ల పోవలెను. ముందున్న సహచరునికి పక్కు నందించుట నాటి నియమములకు విరుద్ధము. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవచ్చును. అందుచేత ముందునకు పోవలెనన్న ఎవడో యొకడు పక్కును స్వయముగ తీసికొనిపోక తప్పదు. రోవర్ స్థానమున నున్న బేకర్‌కు ఈ నియమము సరిగా కుదిరెను. అతడు తమ గోలు వెనుకగా చుట్టివచ్చి, ఆ చుట్టులో వేగము పుంజుకొని, తలయెత్తి ప్రత్యర్థుల నడుమనుండి ఆవలి గోలువరకు దూసికొనిపోవుచుండెను. అతడు తమ గోలు వెనుకకు చేరగానే ప్రేక్షకులు ఆసనములపైనుండి లేచి నిలువబడుచుండిరట.

అతని కాలమున ప్రిన్స్‌టన్‌కు సొంత మంచుమందిరము లేదు. చెరువు గడ్డకట్టిన దినములలో దానిపై సాధన చేయవలెను. లేదా న్యూయార్క్ నగరమునందలి సెయింట్ నికొలస్ మందిరమునకు పోవలెను. ఈ ఇబ్బందులలోనే ఆ జట్టు 1912లోను 1914లోను దేశమునందలి కళాశాలల జట్లలో అగ్రస్థానము నొందెను. చివరి రెండేండ్లు బేకర్ దానికి నాయకుడు.

విజయములకంటె ఒక పరాజయము అతనిని బాగుగ తెలుపును. 1914 జనవరి 24న బోస్టన్ నగరమున ప్రిన్స్‌టన్, హార్వర్డ్ జట్లు తలపడెను. నిర్ణీత కాలము ముగిసినను ఫలితము తేలలేదు. అదనపు కాలము సాగి సాగి, ఆనాటికి కళాశాలల ఆటలలో అంత దీర్ఘమైనది లేదనిపించుకొనెను. తుదకు హార్వర్డ్ పక్షమున లెవరెట్ సాల్టన్‌స్టాల్ గోలు చేసి గెలిపించెను. అతడు తరువాతి కాలమున మసాచుసెట్స్ రాష్ట్రమునకు గవర్నరుగను, ఆపై దేశమునకు సెనేటరుగను ప్రసిద్ధి చెందెను. బేకర్ తన వాడుక తప్పలేదు. గెలిచినను ఓడినను ఆట ముగియగానే ప్రత్యర్థుల విశ్రాంతి గదికి పోయి, ఒక్కొక్కరి చేయి పట్టుకొని, చక్కగా ఆడిరని కృతజ్ఞత తెలుపుట అతని నియమము.

ఈ మర్యాద సులభమైనది గాదు. ఇంతటి ఆటగానిని ఆపుటకు ప్రత్యర్థులు ఇద్దరు ముగ్గురు కలిసి మీదపడుచుండిరి, కఱ్ఱలతో కొట్టుచుండిరి. అతడు దెబ్బకు దెబ్బ తీయలేదు. కళాశాల హాకీలో గడపిన కాలమంతటను అతడు తప్పిదమునకై శిక్షింపబడినది ఒక్కసారియే యని చెప్పుదురు. కోపించినవాని చూపు తనను కొట్టినవానిపై నిలిచిపోవును, ఆటపై నుండదు. చీకటిలో కష్టించి సంపాదించిన చూపును అతడు కోపమునకు బలి యీయలేదు. ఇందు నీతి యెంత గలదో ఆటతెలివియు అంత కలదు.

1914లో అతడు పట్టభద్రుడై న్యూయార్క్ చేరెను. జె. పి. మోర్గన్ బ్యాంకులో ఉద్యోగము దొరకెను. పగలు బ్యాంకు, సాయంకాలములందు సెయింట్ నికొలస్ క్లబ్బు పక్షమున జీతము లేని ఆట. మందిరము వెలుపల అతడు ఆ రాత్రి ఆడునని పెద్ద అక్షరములతో ప్రకటించిరనియు, తన పేరు తొలగింపుమని అతడు కోరెననియు ఒక కథ కలదు. ఏడుగురాడు ఆటలో ఒక్కని పేరు వ్రాయుట అతనికి నచ్చలేదు. కెనడాలోని వృత్తిజట్లు అతనికి భారీ ధనమును ఆశ చూపినవి. అతని కుటుంబము ధనము కోల్పోయిన కుటుంబము. ఆ సొమ్ము అక్కరలేనిది గాదు. అయినను అతడు అంగీకరింపలేదు. అతని వర్గమువారి దృష్టిలో డబ్బునకై ఆడుట పెద్దమనుష్యుల లక్షణము గాదు. ఆ భావము సరియైనదేనా యని నేడు ప్రశ్నింపవచ్చును. కూలికి ఆడువాడు తక్కువవాడు గాడు. బేకర్ మటుకు ఆటను జీవనోపాధిగ చూడలేకపోయెను.

అతని కష్టమిచటనే ప్రారంభమయ్యెను. బ్యాంకులోని మేజా, కాగితములు అతనిని ఊపిరి సలుపనీయలేదు. బాల్యమునుండి శరీరమును, కన్నును, బుద్ధిని ఒక్క పనికై తీర్చిదిద్దుకొన్న యువకుడు ఇరువదిరెండేండ్లకే ఆ పనిని సాయంకాలపు వినోదముగ మార్చుకొనవలసి వచ్చెను. తన జీవితములోని మేలైన భాగము గడచిపోయినదని అతడు మిత్రులతో అనుచుండెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. విద్యార్థి క్రీడాకారులకు జయజయధ్వానములు చేయు సమాజము, ఆ ధ్వానములు ఆగిన పిమ్మట వారేమగుదురో అరుదుగ ఆలోచించును.

1916లో అతడు న్యూయార్క్ రేవులోని గవర్నర్స్ ద్వీపమున విమానము నడుపుట నేర్వసాగెను. ఆ యేడు నవంబరులో ప్రిన్స్‌టన్, యేల్ జట్ల ఫుట్‌బాల్ పోటీకి అతడును అతని తోడివారును విమానములపై వచ్చిరి. తలయెత్తి మైదానమును చూచుటకు అంత సాధన చేసినవాడు, ఇప్పుడు తల వంచి ఆకసమునుండి దానిని చూచెను. పోగొట్టుకొన్న వేగమును, సాహసమును అతడు విమానమున మరల కనుగొనెను. 1917 మార్చిలో పిట్స్‌బర్గ్ నగరమున తన చివరి హాకీ ఆట ఆడెను. మరునెలలో అమెరికా ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. ఆ వేసవిలోనే బేకర్ యూరపునకు తరలిపోయెను.

అతడు కోరిన యుద్ధరంగము వెంటనే లభింపలేదు. శిక్షణలోను, ఎదురుచూపులోను నెలలు గడచెను. 1918 వసంతమున 103వ విమానదళమున చేరి పోరాడెను. శత్రువిమానములను కూల్చిన ఘట్టములు మూడు అతని పేర అధికారికముగ నమోదైనవి. ఫ్రెంచి ప్రభుత్వము క్రా ద గేర్ పతకమిచ్చి గౌరవించెను. పిదప 141వ దళమునకు నాయకత్వము లభించెను. తన దళపు విమానములకు అతడు ప్రిన్స్‌టన్ రంగులైన నారింజ, నలుపు వేయించి, ఆ విద్యాలయ చిహ్నమైన పెద్దపులి బొమ్మను చిత్రింపించెను. కళాశాల విడిచి నాలుగేండ్లయినను అతని మనస్సు దానిని విడువలేదు.

1918 నవంబరు 11న యుద్ధము ముగిసెను. డిసెంబరు 21న, ఫ్రాన్సులోని టూల్ విమానస్థలమున, బేకర్ చేతికి స్వదేశమునకు మరలుటకు ఉత్తర్వులు వచ్చెను. బయలుదేరుటకు ముందు కడసారి ఒక్కమారు ఎగిరివత్తునని అతడనెను. మిత్రులు వారించిరి. చివరి విహారమును కోరరాదని వైమానికులలో ఒక నమ్మకముండెను. అతడు వినలేదు. అప్పుడే మరమ్మతు చేసిన యొక విమానము నెక్కి, వాన కురియుచుండగా పైకి లేచెను. కొంతదూరము పోగానే యంత్రమాగిపోయెను. యంత్రమాగినపుడు ఎదుటనున్న నేలపైననే దింపవలెనన్నది వైమానికులకు నేర్పు పాఠము. బేకర్ వెనుకకు తిరిగి విమానస్థలమునకు చేర యత్నించెను. ఆ మలుపులో విమానము పట్టుతప్పి నేల కూలెను. కొలది నిముషములలో అతడు మరణించెను. స్వదేశమునకు మరలు ఉత్తర్వులు అతని చొక్కాజేబులోననే యుండెను.

ఆ మరణమును గూర్చి పిదప పలువురు పలువిధముల ఊహించిరి. మంచుపై తమ గోలు వెనుకకు తిరిగి వేగము పుంజుకొనుట అతని బలము. గాలిలో వేగము లేని మలుపు అతని ప్రాణము తీసెను. ఒక రంగమున అలవడిన నేర్పు మరియొక రంగమున తానుగా వర్తింపదు. ఆ క్షణమున అతని మనస్సున నున్నదేమో చెప్పగలవారు లేరు.

అతని అస్థికలను అనంతరము స్వదేశమునకు తెచ్చి, ఫిలడెల్ఫియా చెంతనున్న వెస్ట్ లారెల్ హిల్ శ్మశానవాటికలో నుంచిరి. 1913లో ప్రిన్స్‌టన్‌లో చేరిన ఫిట్జెరాల్డ్ అను విద్యార్థి మైదానమున అతనిని చూచి ముగ్ధుడయ్యెను. ఆ విద్యార్థియే ప్రఖ్యాత నవలాకారుడై, 1920లో వెలువడిన తన తొలి నవలలో నాయకునికి అమోరీ యని బేకర్ పేరులోని మాటనే పెట్టెను. 1923లో ప్రిన్స్‌టన్‌లో అతని పేర మంచుమందిరము వెలసెను. దానికి చందాలిచ్చినవారిలో అతనిచే ఓడింపబడిన హార్వర్డ్, యేల్ విద్యార్థులును కలరు. 1945లో హాకీ కీర్తిమందిరమునకు తొలిసారి ఎన్నుకొన్నవారిలో అమెరికనుడు అతడొక్కడే. 1981 నుండి అమెరికా కళాశాలల పురుషుల హాకీలో ఉత్తమునిగ ఎన్నికయిన ఆటగానికి ఏటేట అతని పేర బహుమానమిచ్చుచున్నారు. దానికి ఆటనేర్పు మాత్రమే చాలదు; నడవడియు పరిగణింతురు.

ఇన్ని గౌరవములలో ఏదియును బేకర్ కోరినది గాదు. అతడు కోరినది బాగుగ ఆడుట. బాగుగ ఆడుటకు అతడు కనుగొన్న ఉపాయము ఏ పాఠశాలకైనను అందుబాటులో నున్నది. దానికి ధనమక్కరలేదు, ప్రేక్షకులక్కరలేదు. చేతికి రావలసిన పనిని చూడకయే చేయగలవరకు ఓర్పుతో చేయుట, తీరిక దొరకిన కంటిని చుట్టునున్నవారిపై నిలుపుట, ఇవి రెండే అందలి మెట్లు. ఆటముగిసిన తరువాతి జీవితమునకు విద్యార్థిని సిద్ధపరచుట మూడవ మెట్టు. అది మంచుచెరువుపై ఒంటరిగ నేర్చుకొనదగినది గాదు. దానిని నేర్పవలసిన భారము పెద్దలదే. బేకర్ చీకటిలో తన మొదటి రెండు మెట్లును తానే ఎక్కెను. మూడవదానికి అతనికి చేయూత నిచ్చినవారు లేకపోయిరి.